ర్యాలీలో నెగ్గిన కాళ్లు శిక్షణలో ఎందుకు విరుగుతున్నాయి?

సంపాదకులు గారికి,

నమస్కారం. సైన్యంలో అగ్నివీర్ నియామకాల ప్రకటన వచ్చిన ప్రతిసారీ వయసు, ఎత్తు, చదువు, పరీక్ష తేదీలు మీ పత్రికలో వివరంగా వేస్తున్నారు. అనంతపురం, సత్యసాయి, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి బెంగళూరు వచ్చి కె.ఆర్.పురం, మారతహళ్లి, బొమ్మనహళ్లి పీజీల్లో ఉంటూ, సెక్యూరిటీ, డెలివరీ, గోడౌన్ పనులు చేసుకుంటూ తెల్లవారుజామున సర్వీసు రోడ్ల మీద పరుగు తీసే కుర్రాళ్లకు అది ఎంతో అక్కరకొస్తోంది. అలాంటి అభ్యర్థులకు గ్రౌండ్ ప్రాక్టీసు చేయించేవాళ్లం మేం. ఆ వార్తల్లో కనబడని సంగతి ఒకటి మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

కుర్రాళ్లంతా తయారవుతున్నది ర్యాలీకి, అంటే సైన్యం మైదానంలో పెట్టే దేహదారుఢ్య పరీక్షకు. వాళ్లు వెళ్లి నిలబడాల్సింది మాత్రం ట్రైనింగ్ సెంటర్‌లో. ర్యాలీలో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, బీమ్ (పట్టుకుని ఒంటిని పైకి లాగే అడ్డకమ్మీ) మీద 10 లాగితే 40 మార్కులు. 9 అడుగుల గుంత దూకి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటితే సరిపోతుంది. ఒక్క ఉదయంలో తేలిపోయే పరీక్ష అది. సెంటర్‌లో శిక్షణ 31 వారాలు. బూట్లు, డ్రిల్లు, పీటీ, 2.4 కిలోమీటర్ల పరుగు, ఆపైన సామాను, రైఫిల్‌తో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, అన్నీ అందులోనే. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఆరేడు వారాల్లో బాగానే దారికొస్తాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకూ నెలలు పడుతుంది. ఈ తేడాను ఎవరూ చెప్పకపోవడం వల్లే దమ్మున్న పిల్లాడు కూడా సెంటర్‌కు వెళ్లిన నెల తిరక్కుండానే మోకాలి కింది ఎముక పట్టుకుని కూర్చుంటున్నాడు.

ఎముకలో జరిగేది ఇదీ. అలవాటు లేని దెబ్బ పదే పదే పడితే శరీరం ముందు పాత ఎముకను కరిగిస్తుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. కరిగించడానికి వారాలు చాలు, కట్టడానికి నెలలు కావాలి. అందుకే పరుగు ఉన్నపళంగా పెంచిన మూడు, నాలుగు వారాల తర్వాత ఎముక మామూలుకన్నా బలహీనంగా ఉంటుంది. దమ్ము పెరిగిందన్న ఉత్సాహంతో కుర్రాడు వేగం పెంచేది సరిగ్గా ఆ వారంలోనే. సన్నటి పగులు అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి గండం రెండుసార్లు వస్తుంది. మొదటిది నోటిఫికేషన్ చూసి పరుగు మొదలెట్టిన తొలి ఆరు వారాలు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. సెలెక్షన్ అయిపోయి, సెంటర్‌కు రమ్మనే కబురు వచ్చేదాకా ఉండే ఖాళీ అది. ఊళ్లో దండలు, విందులు, స్నేహితులతో తిరుగుళ్లు, పరుగు బంద్. తీరా సెంటర్‌కు వెళ్లిన రోజు నుంచే బూట్లలో పొద్దంతా నిలబడటం, డ్రిల్లులో మడమ నేలకేసి కొట్టడం. ఆ ఖాళీ రోజుల్లో వారానికి మూడు రోజులు అరగంట పరుగు, ఒక రోజు బరువుతో నడక, రెండు రోజులు బీమ్ చేసినా ఉన్నది పోకుండా నిలబడుతుంది.

ఇక ప్రాక్టీసు సంగతి. ఎక్కువమంది చేసే పొరపాటు రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి ఉరకడం. అలా చేస్తే మొదటి పది రోజులు టైమింగ్ తగ్గుతుంది, తర్వాత కదలదు, ఆ తర్వాత కాళ్లు పట్టేస్తాయి. కనీసం 12 వారాలు చేతిలో ఉంచుకుని మొదలెట్టాలి. తొలి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులే పరుగు, అదీ పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా, 25 నుంచి 30 నిమిషాలు. ఊపిరి అందకపోతే నడవాలి, సిగ్గుపడనక్కర్లేదు. ఆపైన వారం మొత్తం దూరాన్ని పదో వంతుకు మించి పెంచకూడదు. ప్రతి నాలుగో వారం పెంచడం మానేసి కాస్త తగ్గించాలి. ఎముక కట్టుకోవడానికి వ్యవధి దొరికేది ఆ తగ్గించిన వారంలోనే.

ఐదో వారం నుంచి వారానికి ఒక రోజు 400 మీటర్ల రిపీట్లు పెట్టుకోవచ్చు. ఒక్కోటి 85 సెకన్ల చొప్పున ఆరు, మధ్యలో రెండు నిమిషాల నడక. ఆరోది కూడా మొదటిదాని టైమింగ్‌లోనే రావాలి. మొదటిది 75లో కొట్టి ఆఖరుది 95లో ఈడ్చుకొస్తే ఆ రోజు ప్రాక్టీసు దండగే. తొమ్మిదో వారం నుంచి అవే 400లు 80 సెకన్లకు తేవాలి, ఇంకో రోజు 800 మీటర్లు 2 నిమిషాల 45 సెకన్లలో మూడు చేయాలి. మిగతా రోజులన్నీ నెమ్మది పరుగే. పూర్తి 1600 టైమ్ పెట్టి పరీక్షించుకోవడం రెండు వారాలకు ఒకసారి చాలు.

ర్యాలీలో ఎక్కువమంది ఓడిపోయేది మొదటి 200 మీటర్లలోనే. గుంపులో తోపులాట, ముందుకు పోవాలన్న ఆత్రం, ఊపిరంతా అక్కడే అయిపోతుంది. 400 మీటర్ల ట్రాక్ అయితే ఒక్కో రౌండు సగటున 82 సెకన్లు. మొదటి రౌండు 1 నిమిషం 20 సెకన్లకు, రెండోది 2 నిమిషాల 41కి, మూడోది 4 నిమిషాల 2కి దాటితే ఆఖరి రౌండుకు 88 సెకన్లు చేతిలో ఉంటాయి. ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. ర్యాలీ గ్రౌండు మట్టిదే కావచ్చు, గుంతలూ ఉండొచ్చు. కంఠీరవ స్టేడియం సింథటిక్ ట్రాక్ మీదే అలవాటు పడ్డవాడికి ఆ మట్టిలో కాలు జారుతుంది. వారంలో రెండు రోజులైనా కబ్బన్ పార్కు మట్టి బాటల మీదో, అగర చెరువు కట్ట మీదో పరుగెత్తడం మేలు. సర్వీసు రోడ్డులో పరుగెత్తక తప్పకపోతే ఎప్పుడూ ఒకే వైపు అంచున వద్దు. రోడ్డు అంచుకు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి మోకాలు, తుంటి పట్టేస్తాయి.

బీమ్ గురించి కొద్దిగా. ఒక్కటి కూడా లాగలేనివాడు ముందు 30 సెకన్లు వేలాడటం నేర్చుకోవాలి. తర్వాత బల్ల ఎక్కి గడ్డం బీమ్ పైకి చేర్చి, అయిదు సెకన్లు పట్టేలా నెమ్మదిగా కిందికి దిగాలి. అలా ఐదు, మూడు విడతలుగా, రోజు విడిచి రోజు. మూడు, నాలుగు వారాల్లో మొదటి బీమ్ వస్తుంది. కాళ్లు ఊపి, మెలికలు తిరిగి లాగినవి లెక్కలోకి రావు. మొదటి రోజు నుంచీ చేతులు పూర్తిగా చాచి లాగడమే అలవాటు కావాలి. అరచేతిలో కాయ కాస్తే పీకొద్దు. స్నానం తర్వాత మెత్తబడినప్పుడు రాయితో నెమ్మదిగా రుద్దితే చాలు. చర్మం లేచిపోతే పది రోజుల ప్రాక్టీసు పోయినట్టే.

బూట్లు, బరువు, ఈ రెండింటికీ ర్యాలీలో మార్కులు లేవు కాబట్టి ఎవరూ చేయరు. సెంటర్‌లో మడమలు ఒరుసుకుపోయేది బూట్లకు పాదం అలవాటు లేకే. వెళ్లడానికి ఆరు వారాల ముందు నుంచి చీలమండ కప్పే తోలు బూట్లు వేసుకుని రోజూ అరగంట నడక మొదలెట్టి గంటన్నరకు పెంచుకోవాలి. లోపల పల్చటి మేజోడు, దాని మీద మందపాటిది. రాపిడి ఆ రెంటి మధ్యే జరిగిపోతుంది, చర్మానికి తగలదు. బొబ్బ లేస్తే పైపొర ఒలిచేయకూడదు. కాల్చి చల్లార్చిన సూదితో అంచున చిన్న రంధ్రం పెట్టి నీరు తీసి, పైపొరను అలాగే ఉంచి టేపు వేయాలి. బూట్లు కొత్తవైతే ఒకేసారి దూరం నడవడానికి వాడొద్దు. బరువుకు జిమ్ అక్కర్లేదు. కాలేజీ బ్యాగులో 5 కిలోల బియ్యం సంచి పెట్టుకుని వారానికి ఒకసారి 4 కిలోమీటర్లు నడవాలి. నెల తర్వాత 10 కిలోలు. సంచి వీపుకు పైన అతుక్కుని ఉండాలి, నడుము మీదికి వేలాడకూడదు. బరువుతో పరుగు మాత్రం వద్దే వద్దు. అది సెంటర్‌లో ఉస్తాద్, అంటే శిక్షకుడి కళ్ల ముందు, క్రమంగా నేర్పే విద్య.

గుంజీల మాట కూడా చెప్పాలి. కొన్ని చోట్ల కొత్తగా చేరిన పిల్లాడి చేత మొదటి రోజే మూడు, నాలుగు వందల గుంజీలు తీయిస్తున్నారు. ఇది ప్రమాదకరం. అలవాటు లేని కండరం ఆ దెబ్బకు చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడుతుంది. ఒకటి, రెండు రోజుల తర్వాత తొడలు కదపలేనంత నొప్పి, వాపు, మూత్రం కోలా రంగులో రావడం దీని గుర్తులు. అది కనబడిందంటే ఇంట్లో పడుకోబెట్టే నొప్పి కాదు, అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాతిక గుంజీలతో మొదలెట్టి వారం వారం పది పెంచుకుంటూ పోతే ఏ ఇబ్బందీ ఉండదు.

ఇప్పుడు తిండి. దీని మీదే ఎక్కువ రాయాలని మా ఉద్దేశం, ఎందుకంటే పీజీల్లో ఉండే పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. పొద్దున చిత్రాన్నమో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, నీళ్లలాంటి సాంబారు, రాత్రి మళ్లీ అన్నం, రసం. కడుపు నిండుతుంది, కండ నిలవదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకే కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలంటుంది. రోజూ పరుగు, బీమ్ చేసేవాడికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి. 62 కిలోల కుర్రాడికి అది 75 నుంచి 100 గ్రాములు. పౌడర్ డబ్బాలు కొనకుండా ఇది ఎలా వస్తుందో చూడండి. రోజంతటిలో వండిన అన్నానికి పట్టే బియ్యం 300 గ్రాములనుకుంటే అందులో 21 గ్రాములు వస్తుంది. గట్టిగా వండిన కందిపప్పు, అంటే పచ్చిది 50 గ్రాములు, 11. గుడ్లు మూడు, 18. పాలు అర లీటరు, 16. వేరుశనగ గుళ్లు 40 గ్రాములు, 10. పుట్నాల పప్పు గుప్పెడు, 6. మొత్తం 82. ఆదివారం చికెన్ ఉంటే ఇంకా మంచిది. గుడ్డు ముట్టనివాళ్లకు మీల్‌మేకర్ ఉంది. ఎండువి 50 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి పిండి కూరలో వేసుకుంటే 26 గ్రాముల దాకా వస్తుంది.

ఇందులో పీజీ వంటగదితో పని లేనివే ఎక్కువ. ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడుకుతాయి. నందిని పాల అర లీటరు ప్యాకెట్ వీధి చివర దొరుకుతుంది. వేరుశనగలు రాత్రి నానబెట్టి పొద్దున పరుగు తర్వాత తినొచ్చు. పప్పు మాత్రం పీజీ యజమానిని అడగాల్సిందే. గరిటె గిన్నె అడుగు దాకా పోనిచ్చి వడ్డించుకున్నా సగం సమస్య తీరుతుంది.

ప్రొటీన్ ఎంత తిన్నా అన్నం మానేస్తే పరుగుకు శక్తి రాదు. సామాజిక మాధ్యమాల్లో చూసి అన్నం, చపాతీ మానేసి గుడ్లతోనే బతికే పిల్లలు మూడో వారానికి చతికిలబడుతున్నారు. శిక్షణ చేసే ఒంటికి రోజుకు 3000 కేలరీలు దాటి కావాలి. అవి అన్నం, రాగులు, చపాతీ, అరటిపండు, చిలగడదుంపల నుంచే రావాలి. శక్తి చాలకపోతే ఎముక కట్టే పనిని ఒళ్లే వాయిదా వేసుకుంటుంది. సన్నగా ఉన్నాడని మెచ్చుకునే పిల్లాడికే ఎముక పగులు ముందు రావడానికి ఇదొక కారణం. బరువు తగ్గాల్సినవాళ్లు వారానికి అర కిలోకు మించి తగ్గొద్దు, అదీ నూనె వంటలు, బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు మాని, ర్యాలీకి చాలా ముందే.

కాల్షియం రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. అర లీటరు పాలలో 600, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. రాయలసీమ పిల్లలకు రాగి సంగటి కొత్త కాదు, ఈ ఊళ్లో రాగి ముద్ద ఏ దర్శిని హోటల్లోనో మెస్‌లోనో దొరుకుతుంది. ఇంటి తిండి అని చిన్నచూపు చూడకుండా రోజూ ఒక పూట తింటే చాలు. పెద్ద చెంచాడు నువ్వులు కలిపిన బెల్లం ఉండ ఇంకో వంద ఇస్తుంది. కాల్షియం ఎముకకు చేరాలంటే విటమిన్ డి ఉండాలి. రాత్రి షిఫ్టులు చేసి పగలు పడుకునేవాళ్లకు అది తగ్గుతుంది. ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. అమెరికా నౌకాదళంలో శిక్షణకు వచ్చిన మహిళలకు కాల్షియం, విటమిన్ డి కలిపి ఇస్తే ఎముక పగుళ్లు అయిదో వంతు తగ్గాయని 2008లో వెలువడిన పరిశోధన చెబుతోంది. కాబట్టి ఇది వట్టి పెద్దల చాదస్తం కాదు.

ఐరన్ తగ్గితే పరుగులో మొదట తెలిసేది ఆయాసం. తోటకూర, మునగాకు, రాగులు, మేక కాలేయం తినాలి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే, లేదా భోజనం తర్వాత జామకాయో ఉసిరికాయో తింటే ఐరన్ బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే ఐరన్ సరిగా పట్టదు. తిన్న గంట తర్వాత తాగొచ్చు.

ఆడపిల్లల గురించి వేరుగా చెప్పాలి. సైన్యంలో మహిళా జవాన్ల తొలి బృందం, 83 మంది, 2021 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చింది ఈ బెంగళూరులోని మిలిటరీ పోలీసు కేంద్రం నుంచే. తెలుగు ఆడపిల్లలు ఇప్పుడు ఆ పోస్టులకు పోటీ పడుతున్నారు. వాళ్లకు 1600 మీటర్లకు మొదటి గ్రూపు 7 నిమిషాల 30 సెకన్లు, పైగా 10 అడుగుల లాంగ్‌జంప్, 3 అడుగుల హైజంప్. ఎముక పగులు ముప్పు మగపిల్లల కన్నా వీళ్లకే ఎక్కువ. ప్రాక్టీసు మొదలయ్యాక నెలసరి మూడు నెలలు రాకపోతే తిండి చాలడం లేదని ఒళ్లు చెబుతున్నట్టు. ‘హమ్మయ్య, బాధ తప్పింది’ అని ఊరుకోవద్దు, వెంటనే డాక్టరును కలవాలి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ముందు దాన్ని సరిచేసుకుని ఆ తర్వాత వేగం పెంచాలి. తల్లులు ఈ విషయాలు బిడ్డలను మొహమాటం లేకుండా అడగాలి.

మన పిల్లల్లో చాలామంది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేస్తారు. దీక్షను కాదనే ఉద్దేశం మాకు లేదు. ఒంటిపూట భిక్ష, గుడ్డు లేకపోవడం, చెప్పుల్లేని నడక, తెల్లవారుజామున చన్నీటి స్నానం, వీటితో పాటు పూర్తి ప్రాక్టీసు మాత్రం కుదరదు. ఆ 41 రోజులూ పరుగు సగానికి తగ్గించి, వేగం పూర్తిగా మానాలి. పాలు, పప్పు, మీల్‌మేకర్, నువ్వుల ఉండలు పెంచాలి. మాల తీశాక రెండు వారాలు షూలతో నెమ్మది పరుగు చేసి, ఆపైన పాత లెక్కకు రావాలి. ర్యాలీ సరిగ్గా ఆ నెలల్లోనే పడితే గురుస్వామిని అడిగి అర్ధమండల దీక్ష తీసుకోవడమో, మరుసటి ఏడు వేసుకోవడమో ఆలోచించండి. రంజాన్ ఉపవాసాలు ఉండే పిల్లలకూ ఇంతే. ఇఫ్తార్ అయిన గంటన్నరకు నెమ్మది పరుగు, సహరీలో పాలు, గుడ్లు, అటుకులు.

నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, పొద్దున చల్లగా ఉంటుంది, చెమట తెలియదు. ఇక్కడ తయారైన పిల్లాడికి మే నెలలో జబల్‌పూరో సికింద్రాబాదో పడితే మొదటి వారమే కళ్లు తిరుగుతాయి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి. వెళ్లే ముందు రెండు వారాలు పొద్దున పది గంటల ఎండలో అరగంట నెమ్మది పరుగు చేస్తే చాలు. అదే ఊటీ దగ్గరి వెల్లింగ్టన్ పడితే చలి, అక్కడ దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరుంబావు నీళ్లు తర్వాతి రెండు, మూడు గంటల్లో కొంచెం కొంచెంగా పోవాలి. ఒకేసారి రెండు, మూడు లీటర్లు వట్టి నీళ్లు గటగటా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, మూర్ఛ కూడా రావచ్చు. గంట దాటిన ప్రాక్టీసుకు మజ్జిగలో ఉప్పు, లేదా ఓఆర్‌ఎస్ పొడి లీటరు నీళ్లకు ఒక పెద్ద ప్యాకెట్. ఇంట్లో కలిపితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా నిండుగా కాదు, సమానంగా. ఎండలో పరుగెత్తినవాడు మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బే. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

ర్యాలీ ముందు రోజు జరిగే దారుణం ఒకటుంది. గేటు అర్ధరాత్రి దాటాక తెరిచే ర్యాలీలు మామూలే. రాత్రి బస్సు దిగి, హోటల్లో బిర్యానీ తిని, ఫుట్‌పాత్ మీద కునుకు తీసి, పరగడుపున ట్రాక్ ఎక్కుతున్నారు. ఒక రోజు ముందే చేరుకోండి. చపాతీలు, బెల్లం, అరటిపండ్లు, పల్లీ పట్టీ, ఓఆర్‌ఎస్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పరుగుకు మూడు గంటల ముందు రెండు చపాతీలు బెల్లంతో, గంట ముందు ఒక అరటిపండు. ఆ రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టొద్దు. గ్రౌండు బయట స్టామినా పెరుగుతుందని అమ్మే ఇంజెక్షన్లు, మాత్రలు, డబ్బాల్లో ఎనర్జీ డ్రింకులు ముట్టుకోవద్దు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఇంకా చెడ్డది. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది, పైగా పగిలిన ఎముక నొప్పిని కప్పిపెడుతుంది.

మెడికల్ గురించి క్లుప్తంగా. చెవిలో గుబిలి డాక్టరు దగ్గరే తీయించుకోండి, అగ్గిపుల్లలతో కెలికితే చెవి పొర చిరిగి అసలుకే మోసం వస్తుంది. గట్టి పళ్లను లెక్కించి వేసే డెంటల్ పాయింట్లు కనీసం 14 కావాలి కాబట్టి పుచ్చుపళ్లు మూడు నెలల ముందే బాగు చేయించుకోవాలి. గుట్కా, సిగరెట్ ఈరోజే ఆపాలి.

నిద్ర ఏడు, ఎనిమిది గంటలు తప్పదు. రాత్రి షిఫ్టు చేసే పిల్లలు డ్యూటీ దిగగానే పరుగుకు వెళ్తున్నారు. అలా కాకుండా నిద్ర లేచాక సాయంత్రం చేస్తే దెబ్బలు తగ్గుతాయి. సెంటర్‌లో చీకటితోనే లేవాలి. వెళ్లే ముందు నెలలో నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున లేచే వేళ ముందుకు జరుపుకుంటే అక్కడ మొదటి వారం నరకంగా ఉండదు. రాత్రి భోజనంలో చపాతీ, రాజ్మా, పప్పు తినడం కూడా అలవాటు చేసుకోండి. మూడు పూటలా అన్నమే తిన్న కడుపు మెస్ భోజనానికి మొదట్లో మొరాయిస్తుంది. ఆ అర్ధాకలి వారాల్లోనే బరువు పడిపోతుంది.

సంపాదకులు గారూ, నోటిఫికేషన్ వార్త పక్కన ఒక చిన్న పెట్టెలో పన్నెండు వారాల ప్రాక్టీసు, రోజు తిండి లెక్క కూడా వేయమని మా మనవి. మీరు అడిగితే వారం వారం రాసి పంపుతాం, పైసా అక్కర్లేదు. ఈ నగరంలోని తెలుగు సంఘాలవారు ఉగాది వేడుకలతో పాటు ఒక మట్టి మైదానం పొద్దున రెండు గంటలు ఈ పిల్లలకు దొరికేలా చూడాలి. పీజీ యజమానులు పప్పు కొంచెం గట్టిగా వండి, ధర తీసుకునైనా సరే, ఉడికించిన గుడ్లు పొద్దున్నే అందుబాటులో పెట్టాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. సెంటర్ నుంచి ఫోన్ చేసిన కొడుకు కాలు నొప్పి అంటే ‘ఓర్చుకో నాయనా’ అనకండి. ఎక్కడ నొప్పి అని అడగండి. మోకాలి కింది ఎముక లోపలి అంచున జానెడు మేర పరుచుకుని, కాస్త వేడెక్కాక తగ్గేదైతే చాలావరకు పగులు దాకా రాని ఒత్తిడి నొప్పే, విశ్రాంతి ఇచ్చి ఐసు పెడితే పోతుంది. ఒక్క వేలితో చూపించగలిగే చోట ఉండి, ఒంటికాలి మీద గెంతితే గుచ్చి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక పగిలిందనే అనుకోవాలి. మొదటి రెండు, మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని నొప్పిని దాచిపెట్టకూడదు. కింది బ్యాచ్‌కు పంపేస్తారన్న భయంతో చాలామంది దాస్తారు. ఆరు వారాలు ఆగితే అతుక్కునే పగులు, దాని మీదే పరుగెత్తితే రెండు ముక్కలవుతుంది. మరుసటి ఉదయమే సిక్ రిపోర్టు చేసి, అంటే ఒంట్లో బాగాలేదని చెప్పి, ఎంఐ రూముకు (సెంటర్‌లోని వైద్య పరీక్షల గదికి) వెళ్లమని, ఒక బ్యాచ్ వెనకబడినా ఇంట్లో ఎవరూ ఏమీ అనరని ఆ ఫోన్‌లోనే చెప్పండి.

భవదీయులు,
అగ్నివీర్ అభ్యర్థులకు గ్రౌండ్ ప్రాక్టీసు చేయించే తెలుగు శిక్షకులు,
కె.ఆర్.పురం, బెంగళూరు